మూడు నీలం గీతలు

మా ఆర్ట్ గ్యాలరీలో టికెట్ కౌంటర్ నాది. ఇరవై ఆరేళ్ళు ఆ చిన్న కిటికీ వెనకాల కూర్చున్నాను. బొమ్మలు చూడటానికి ఎవరు వచ్చారో, ఫ్యాను కింద కాసేపు కూలబడదామని ఎవరు వచ్చారో మొహం చూసి చెప్పగలను. గైడమ్మ మాత్రం పగ తీర్చుకోవడానికి వచ్చింది. ఆ సంగతి కనిపెట్టడానికి నాకే నాలుగేళ్ళు పట్టింది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకీ, బడి పిల్లలకీ చూడదగ్గ చోట్లన్నీ తిప్పి చూపించడం ఆమె పని. మిగతా గైడులు బస్సు దిగగానే దగ్గర కదా అని ముందు మా గ్యాలరీలోకి తోలుకొచ్చి, అరగంటలో చేతులు దులుపుకునేవారు. ఆమె అలా కాదు. పొద్దున మ్యూజియం. తర్వాత పాత నాటకశాల. అక్కడ అందరినీ వేదిక కిందికి దింపి, పాత్రధారులు హఠాత్తుగా పైకి లేచే చెక్క తలుపు చూపించేది. మధ్యాహ్నం సంగీత గ్రంథాలయం, ఆ తర్వాత శిల్పాల తోట. కాళ్ళు పీక్కుపోయి జనం ఉసూరుమంటున్న వేళకి, సరిగ్గా నాలుగింటికి, మా మెట్లెక్కించేది. అలసిపోయినవాళ్ళకి బొమ్మలేం ఎక్కుతాయమ్మా, ముందే తీసుకురావచ్చుగా అని నేను సణిగితే నవ్వి ఊరుకునేది.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక వాళ్ళ వెనకే వెళ్ళాను. పై అంతస్తులో, పడమటి కిటికీ పక్కన ఒక పెద్ద బొమ్మ ఉంది. ఒకావిడ గదిలో తీగ మీద తడిబట్టలు ఆరేస్తూ ఉంటుంది. కింద పలక మీద "పనిమనిషి" అని పేరు, దాని కింద మా ఊళ్ళో అందరూ పెద్దాయన అని పిలిచే చిత్రకారుడి పేరు. గైడమ్మ ఆ పేరు చదవలేదు. పిల్లల్ని పక్కకి నిలబెట్టి, "అందరూ వంగండి. పక్కనుంచి చూడండి" అంది. నేనూ వంగాను. ఏటవాలు ఎండలో, తెల్లరంగు కింద మూడు నీలం గీతలు కనిపించాయి. గీతకి రెండు వైపులా పొడి చిమ్మినట్టు నీలం నలుసులు. ఇవేమిటో ఆలోచించండి, పెద్దయ్యాక కూడా మర్చిపోకండి అని చెప్పి పిల్లల్ని పంపేసింది.

ఆ సాయంత్రం నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. వాళ్ళ నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు. స్కేలు, పెన్సిలు ఆ ఇంట్లో లేవు. దారాన్ని నీలం పొడిలో దొర్లించి, రెండు కొసలూ ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో తిన్నగా ముందుకి లాగి వదిలేస్తే గోడ మీద గీత పడుతుంది. దాన్ని దారం కొట్టడం అంటారు. వాళ్ళక్క ఆ పనిలో పుట్టి పెరిగింది. ఆ తర్వాత పెద్దాయన దగ్గర బొమ్మలు నేర్చుకోవడానికి చేరింది. గుడ్డ మీద బొమ్మ వేసినా ముందు దారం కొట్టందే చెయ్యి ఆడేది కాదట. అలా దారం కొట్టి, బట్టలు ఆరేస్తున్న వాళ్ళమ్మని వేసింది. రెండో కొస పట్టుకున్నది చెల్లెలే, అంటే మా గైడమ్మే. చూసి ఇస్తానని పెద్దాయన ఆ బొమ్మ తీసుకెళ్ళాడు. వానకి తడిసి పాడైపోయింది, పారేశానన్నాడు. ఏడేళ్ళకి అది ఆయన సంతకంతో మా గోడెక్కింది. అక్క అడగడానికి వెళితే, బోర్డులు రాసే పిల్లకి బొమ్మలెందుకని కాపలావాడి చేత గెంటించాడు. మనసు విరిగి, జబ్బుపడి, తిరిగి కోలుకోకుండానే ఆవిడ పోయింది.

"మా అమ్మని పనిమనిషిని చేశాడు. మా అక్కని లేకుండా చేశాడు. నేను అరిస్తే పిచ్చిదంటారు. వాడి నోటితోనే వాడి పరువు తీయిస్తాను" అంది గైడమ్మ. ఏళ్ళు గడిచేకొద్దీ పైన తెల్లరంగు పలచబడి గీతలు పైకి తేలుతున్నాయని ఆమెకి తెలుసు. నాలుగింటి వెలుతురు కోసమే ఊరంతా తిప్పి తిప్పి తెచ్చేదన్నమాట. ఆ రోజు నుంచి ఆమె బృందాలు ఆలస్యమైనా తలుపు మూయనిచ్చేదాన్ని కాదు.

అలా ఇరవై రెండేళ్ళు. ఎన్ని బడులు వచ్చాయో, ఎందరు పిల్లలు వంగారో.

పోయినేడు పెద్దాయన పేరుతో కొత్త హాలు కట్టారు. ఇన్నేళ్ళుగా జనానికి చూపించేది ఆమే కదా అని, ఆ బొమ్మ అందులో ఎక్కడ పెట్టాలో డైరెక్టరు గైడమ్మని అడిగాడు. అక్కడా పడమటి కిటికీ పక్కనే అంది. ప్రారంభోత్సవం ఎన్నింటికంటే, నాలుగింటికైతే బాగుంటుందంది. ఆ మనిషి తలూపేశాడు. కడుపులో ఇంత పెట్టుకుని అంత నెమ్మదిగా ఎలా మాట్లాడిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పెద్దాయన తెల్లటి బట్టల్లో వచ్చాడు. ఆ బొమ్మ ముందు నిలబడి, పనివాళ్ళ కష్టం చూసి రాత్రుళ్ళు నిద్రపట్టక వేశానని కళ్ళు ఒత్తుకున్నాడు. అప్పుడు ఒక పత్రికమ్మాయి లేచింది. ఏడో తరగతిలో గైడమ్మ వెంట వచ్చిన పిల్లే.

"సార్, ఆ నీలం గీతలు ఎందుకు?"

ఏ గీతలన్నాడు. అంతే, జనంలో సగం మంది అలవాటుగా పక్కకి జరిగి వంగారు. మేస్త్రీలు, గుమాస్తాలు, పిల్లల తల్లులు, అందరూ ఒకప్పటి బడి పిల్లలే. తన బొమ్మలో తనకి తెలియనిది ఊరందరికీ తెలుసని పెద్దాయనకి అప్పుడు అర్థమైంది. అవి తను స్కేలు పెట్టి గీసుకున్న పెన్సిలు గీతలన్నాడు.

"పెన్సిలు కాదండీ, దారం" అంది గైడమ్మ. సంచీలోంచి నీలం పొడి పూసిన దారపు ఉండ తీసి, ఒక కొస నా చేతికిచ్చి, కొత్త గోడ మీద టక్కుమని కొట్టింది. బొమ్మలో ఉన్న గీతే గోడ మీద పడింది, అదే పొడి, అవే నలుసులు. "మీరు వేసిన బొమ్మే అయితే ఇలా ఒక్కటి కొట్టండి. మా అక్క తొమ్మిదో ఏటే కొట్టేది."

కొట్టనని వెళ్ళిపోతే సరిపోయేది. అహం అడ్డొచ్చింది. దారం అందుకుని, ముందుకి లాగాల్సింది పక్కకి లాగి వదిలాడు. గోడ మీద గీత రెండుగా చీలి వంకరపోయింది. నీలం పొడంతా తెల్లబట్టల మీద పడింది. నేను పైకే నవ్వాను. అలా నవ్వినందుకు సంజాయిషీ అడిగారు. ఇవ్వలేదు.

విచారణ కమిటీ వేసి, నిజం తేలేదాకా అని పలక పీకేసి, ఆ చోటు ఖాళీగా వదిలారు. మర్నాడే గైడమ్మ బ్రష్షు తెచ్చి, గోడ మీద దారం కొట్టి, బోర్డు అక్షరాలతో "మా అమ్మ" అని రాసింది. దాని కింద అక్క పేరు. తుడిచేయమని డైరెక్టరు ఒకసారి అన్నాడు. ఎవరూ కదల్లేదు.

ఈ మధ్య పెద్దాయన ఒంటరిగా నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ప్రతి బృందానికీ చెబుతున్న అక్క కథ ఆపమని గైడమ్మని బతిమాలుకోవడానికట. టికెట్ కొని వరసలో నిలబడమంది ఆమె. నిలబడ్డాడు. నేనూ వెనకే వెళ్ళాను. బొమ్మ ముందుకి వెళ్ళాక ఆమె ఆయన పేరెత్తలేదు, ఆయన వైపు ప్రత్యేకంగా చూడనూ లేదు.

"అందరూ వంగండి" అంది.

పిల్లలు వంగారు. ఆయన ఒక్కడూ కర్ర ఆనుకుని నిటారుగా ఉన్నాడు. గైడమ్మ మాట ఆపేసింది. పిల్లలు తలలు తిప్పి ఆయన్ని చూశారు. ఆయన నడుం వంగేదాకా ఆమె తర్వాతి మాట చెప్పలేదు.