గడికొక్క మాట

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే అక్క ఒకామె ఉండేది. ఏం చెప్పాలన్నా బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టి చెప్పేది. ఆమె నోటుబుక్కులో ఒకే మనిషి పేరు నాలుగైదు వరుసల్లో ఉండేది: డాన్సుకొక వరుస, బైకుకొక వరుస. ఆమె దగ్గర కొత్తగా పనిలో చేరిన నాకు అది వృథా అనిపించింది. ఆఫీసు కంప్యూటర్‌లో మనిషికి ఒక్క వరుసే పెట్టి, వచ్చిన విద్యలన్నీ ఒకే గడిలో కామాలతో చేర్చాను.

ఒకరోజు జూబ్లీ హిల్స్ బంగళాలో ఈతకొలను సీను. 'ఈత' అని వెతికి, దొరికిన పదిమందినీ పంపాను. అందులో ఒకమ్మాయి మునిగిపోతుంటే పక్కవాళ్లు జుట్టు పట్టి పైకి లాగారు. ఆమె గడిలో నేనే రాశాను: "డాన్స్, బైకు, ఈత నేర్చుకుంటోంది."

అక్క తిట్టలేదు. స్క్రీన్ మీద ఆ గడిని వేలితో రెండుసార్లు కొట్టింది.

"ఒక గడిల ఒక్కటే రాయి తమ్మీ."

ఇంజనీరింగ్‌లో డేటాబేస్ పాఠంలో ఫస్ట్ నార్మల్ ఫారం పేరుతో నేను బట్టీపట్టి, పరీక్ష రాసి మరిచిపోయిన నియమం అదే.

ఆ సాయంత్రమే వరుసలన్నీ విడదీశాను. చివరికి అక్క పేరు వచ్చింది.

"నీకేం రాయమంటావక్కా?"

"పదహారేండ్లకు డాన్స్ చేసిన. తర్వాత అమ్మ వేషాలేసిన. గిప్పుడు గీ పని. ఎన్ని వరుసలైతే అన్ని రాయి. నన్ను మాత్రం ఒక్క గడిల కుక్కిపెట్టకు."