నానమ్మను నక్షత్రం చేయమన్నారు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానని చెబితే మా నాచారం గల్లీలో అందరూ శ్రద్ధగా విని, "సరే, మరి ఉద్యోగం ఏం చేస్తావు?" అని అడుగుతారు. అలాంటి నాకు ఒక పబ్లిషర్ ఏకంగా గ్రాఫిక్ నవల అప్పగించాడు. కథంతా బొమ్మల్లోనే నడవాలి. అందులో కుటుంబం ఉండాలి, జబ్బు ఉండాలి, సంస్కృతి ఉండాలి. ఈ మూడూ ఉన్న పుస్తకాలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉందట. ఆయన చెబుతుంటే మసాలా పాళ్లు చెబుతున్నట్టే ఉంది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆ మూడూ మా ఇంటి ముందుగదిలో ఒకే మంచం మీద కూర్చుని ఉన్నాయి మరి. మా అత్తమ్మ. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట ఒకప్పుడు వరి కోసిన మనిషి. పొలాలు పోయాయి, తర్వాత కిడ్నీలు పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. రోజు విడిచి రోజు ఉప్పల్‌కి డయాలసిస్‌కు వెళ్లొస్తుంది.

అయితే ఒప్పుకోవడానికి అసలు కారణం మా పాప. రెండో తరగతి. నానమ్మ దగ్గరికి వెళ్లడం మానేసింది. డయాలసిస్ కోసం అత్తమ్మ ఎడమ ముంజేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు. అక్కడ చెయ్యి తాడు పెట్టి కుట్టినట్టు ఉబ్బి ఉంటుంది. ముట్టుకుంటే లోపల జుమ్మని అదురుతూనే ఉంటుంది. అదరడం మంచిదే, ఆగితేనే కంగారు పడాలని డాక్టర్ చెప్పాడు. ఆ సంగతి పాపకెవరు చెప్పాలి? ఒకసారి పొరపాటున చెయ్యి తగిలి, లోపల ఏదో ఉందని కెవ్వుమంది. అప్పటినుంచి గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడుతుంది.

"రా బిడ్డా, జర నా పక్కన కూసో" అని అత్తమ్మ పిలుస్తుంది.

"హోంవర్క్ ఉంది నానమ్మా" అంటుంది పాప. హోంవర్క్ పేరెత్తితే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల.

అత్తమ్మ కొంగు ఆ చేతి మీదికి లాక్కుంటుంది. గల్లీ మొత్తాన్ని దడిపించే మనిషి అలా చెయ్యి దాచుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. పుస్తకమైనా ఆ పిల్లను ఆ మంచం దాకా తీసుకెళ్తుందని ఆశపడ్డాను.

మొదటి పేజీలు చూసి పబ్లిషర్ వీడియో కాల్ చేశాడు. "అద్భుతం మేడమ్. కానీ ఈ చెయ్యి ఉంది చూశారూ, పిల్లలు భయపడతారు."

"భయపడే పిల్లల కోసమేనండీ ఈ పుస్తకం."

"దానిమీద కొంగు కప్పేసి, తలమీద బోనం పెట్టండి. సంస్కృతి కూడా వచ్చేస్తుంది."

డయాలసిస్ మంచం మీద బోనం ఎలా ఎత్తుకుంటుందని అడిగాను. అది కలలో సన్నివేశం అన్నాడు. నానమ్మ మంచంలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతూ కథలు చెబితే ఇంకా బాగుంటుందన్నాడు. కిడ్నీలు పనిచేయని వాళ్లకు కొబ్బరినీళ్లు ప్రమాదమని చెప్పాను. "ఆకుపచ్చ రంగు పేజీకి నిండుగా ఉంటుంది మేడమ్" అన్నాడు. ఆయనా మా చుట్టాలూ ఒకే బడిలో చదివినట్టున్నారు. రామంతాపూర్ నుంచి వచ్చినా, మల్కాజిగిరి నుంచి వచ్చినా, అత్తమ్మను చూడటానికి వచ్చే ప్రతివాళ్ల చేతిలో బోండాలే. వద్దని ఎంత మొత్తుకున్నా, ఒక్కటి తాగితే ఏమైతదని బతిమాలతారు. మా కింది పోర్షన్ వాళ్లు ఆ నీళ్లతోనే నిగనిగలాడుతున్నారు.

ఇటు అత్తమ్మ విమర్శ ఇంకో రకం. కళ్లద్దాలు పెట్టుకుని పేజీని దూరంగా పట్టుకుంది.

"గీమె ఎవరు?"

"నువ్వే అత్తమ్మా."

"నా ముక్కుపుల్ల ఏది? నేనేమన్న సచ్చిననా, గట్ల పండవెట్టినవ్? కూసవెట్టు. ఎవర్నన్న తిడ్తున్నట్టు ఎయ్యి."

ముక్కుపుల్ల పెట్టి, కూర్చోబెట్టి, పాలవాడిని తిట్టించాను. బొమ్మకు ప్రాణం వచ్చింది. నానమ్మలు ఇంకాస్త సౌమ్యంగా ఉండాలని పబ్లిషర్ బాధపడ్డాడు.

చివరికి అసలు పేచీ ముగింపు దగ్గర వచ్చింది. నానమ్మ చనిపోయిందని రాయకూడదట, పిల్లల మనసు గాయపడుతుంది. నక్షత్రం అయిపోవాలట. మంచి పుస్తకాల్లో నానమ్మలందరూ అవుతున్నారట.

"మా అత్తమ్మ బతికే ఉందండీ."

"బతికే ఉంటే ముగింపు ఎలా వస్తుంది మేడమ్?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

తర్వాత ఆ పుస్తకం నేను వదిలేశాను, ఆయన ఇంకెవరిచేతో వేయించుకున్నాడు. కానీ ఆరోజు మాత్రం కోపంతోనే నక్షత్రం బొమ్మ వేశాను. నీలం ఆకాశం, కిటికీలో చిన్నపిల్ల, పైన ముక్కుపుల్లతో వెలిగిపోతున్న చుక్క. పాడు బొమ్మ, చక్కగా కుదిరింది. రంగులు ఆరడానికి భోజనాల బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను.

పాప బడి నుంచి వచ్చిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇవతలికి వచ్చి చూస్తే బల్ల మీద కాగితం లేదు. బూట్లు విప్పకుండా, గుమ్మం దగ్గర ఆగకుండా, పాప నేరుగా నానమ్మ మంచం దగ్గరికి వెళ్లిపోయింది. వెక్కుతూ ఆ బొమ్మ చూపిస్తోంది.

"నువ్వు చుక్కవైపోతున్నవా నానమ్మా? మమ్మీ ఏసింది."

భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అత్తమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను చుక్కనెట్లయిత బిడ్డా? రేపు నాకు డయాలసిస్ ఉన్నది. ఆటోకు గూడ చెప్పిన్రు."

"మరి మమ్మీ ఎందుకు ఏసింది?"

"మీ అమ్మకు పని లేక."

పాప ఊరుకోలేదు. నిజంగా కావు కదా, ఒట్టు వెయ్యమంది. అత్తమ్మ చెయ్యి చాపబోయి, అది ఏ చెయ్యో గుర్తొచ్చినట్టు ఆగింది. కాసేపు పిల్ల ముఖం చూసి, నెమ్మదిగా కొంగు తీసేసింది.

"గీడ బోరు మోటర్ నడుస్తున్నది సూడు. ఇది నడిసినంత సేపు నేనేడికి వోను."

పాప ఒక అడుగు వెనక్కి వేసింది. అత్తమ్మ మళ్లీ పిలవలేదు, చెయ్యి కూడా దాచుకోలేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పిల్ల ముందు ఒక వేలు పెట్టింది, చటుక్కున తీసేసింది. మళ్లీ పెట్టింది. తర్వాత అరచెయ్యి. తర్వాత బూట్లతోనే మంచమెక్కి, ఆ ఉబ్బు మీద చెవి ఆనించి పడుకుంది.

"సప్పుడొస్తుందా?" అని అత్తమ్మ అడిగింది.

"ఊపిరి తీస్కోకు నానమ్మా. నాకు ఇనవడ్తలేదు."

అత్తమ్మ నిజంగానే ఊపిరి బిగబట్టింది. నేను దగ్గరికి వెళ్లబోతే, కళ్ల నిండా నీళ్లతో, రెండో చేత్తో నన్ను అవతలికి పొమ్మని సైగ చేసింది.