పాఠంలో లేని గొర్రెలు

బలవంతుణ్ని కావాలని మా అమ్మ నాకు శాంసన్ అని పేరు పెట్టింది. యాభై ఏడేళ్లు వచ్చినా గ్యాస్ సిలిండర్ జరపాలంటే పక్కింటివాళ్లను పిలుస్తాను. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ముప్పై ఏళ్లుగా ఇతరుల తప్పులు పట్టడమే నా ఉద్యోగం.

మా ఆవిడ అమ్మాజీది భీమవరం. తార్నాకలో మేముండే వాటాలో రోజూ పొద్దున్నే వంటగది గుమ్మం దగ్గర కూర్చుని బైబిల్ వాక్యం పైకి చదివేది. నేను గడ్డం గీసుకుంటూ, ఆమె గొంతు ఆగినచోటల్లా "ఆమెన్" అనేవాణ్ని. ఒకసారి దగ్గు వచ్చి ఆగినా అన్నాను.

పోయిన ఏడాది జూన్‌లో ఆమెకు మెదడులో నరం చిట్లింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి వెళ్లిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా రోజూ వాక్యం ధ్యానించమన్నారు. "చదువుతూనే ఉన్నానండీ" అన్నాను. నిజానికి ఆమె గ్రంథాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ని. తెరిస్తే ఆమె గొంతు వినిపించదని భయం.

సంఘంలో ప్రార్థన కూటం నడిపే సువార్తమ్మగారు ఒక ఆదివారం, ఆ వారం పాఠం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి, తప్పిపోయిన గొర్రె గురించీ కాపరి గురించీ ఐదు నిమిషాలు మాట్లాడాను. నా ప్రసంగానికి నాకే ముచ్చటేసింది.

సువార్తమ్మగారు మెల్లగా అన్నారు. "అన్నయ్యగారూ, ఈ వారం పాఠంలో గొర్రెలు లేవండి. తుఫానులో పడవండి."

మర్నాడు సిగ్గుకొద్దీ గ్రంథం తెరిచాను. భక్తికొద్దీ అని చెప్పుకోగలిగితే బాగుండేది. ఇంట్లో కూర్చోలేక, ఆఫీసు తెరవకముందే క్యాంపస్‌కి వెళ్లి సిమెంటు బల్ల మీద చదివాను. చేతిలో పెన్సిల్. జవాబుపత్రం దిద్దినట్టు వచనాల పక్కన టిక్కులు పెట్టాను. పది రోజులు ఆ పడవ దాటి ముందుకు పోలేదు. అంత తుఫానులోనూ ప్రభువు పడవలో నిద్రపోయాడన్న చోట మార్జిన్‌లో "సంజాయిషీ కోరడమైనది" అని రాశాను.

పదకొండో రోజున కళ్లు తెరిచి చదివాను. మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని శిష్యులు కూడా అడిగారు. ఆసుపత్రి వరండాలో నేను మనసులో అరిచింది అదే. అలా అరిచినవాళ్లను ఎవరూ పడవలోంచి దించలేదు. పైగా ఆ అరుపును కూడా రాసి ఉంచారు. ఆమె పోయాక మొదటిసారి ఏడుపు వచ్చింది.

మా అటెండర్ వెంకటేశం అటుగా వచ్చాడు. "ఏంది సార్, గీడ కూసున్నరు?"

"కంట్లో దుమ్ము పడింది."

"రెండు కండ్లల్లనా సార్?" అంటూ పక్కన కూర్చున్నాడు. "మా అక్క పోయినప్పుడు నాక్కూడ గట్లనే పడ్డది. ఏం చదువుతున్నరు?"

"తుఫానులో పడవ గురించి."

"చదువుండ్రి, వింట."

పైకి చదివాను. "మంచిగున్నది సార్, రేపు కూడ వస్తా" అన్నాడు. వచ్చాడు కూడా.

ఏడాదైంది. నేనేమీ గొప్ప భక్తుణ్ని అయిపోలేదు. కొన్ని ఉదయాలు నమ్మకంతో చదువుతాను, కొన్ని ఉదయాలు ఊరికే చదువుతాను. మధ్యలో కునుకు కూడా పడుతుంది. కానీ ఆమె బీరువా తెరవగలిగాను. ఒక్కడికే బియ్యం కొలిచి వండుకోగలుగుతున్నాను.

పోయిన వారం మౌలాలిలో శాంతికుమార్‌గారనే రిటైర్డు టీచరు భార్య చనిపోయారు. సువార్తమ్మగారు నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు. ఆయనకు నేను వాక్యం చదువుకోమని చెప్పలేదు. సింకు నిండా గిన్నెలుంటే తోమాను. ఆయన ఒక గ్లాసు వెలుగులోకి ఎత్తి చూసి, "జిడ్డు పోలేదండీ" అన్నారు. మళ్లీ తోమాను.

గిన్నెలయ్యాక ఆయనే, "ఏదైనా చదవండి" అన్నారు. ఏం చదవాలో తోచలేదు. ఆయన భార్య తన బైబిల్లో గుర్తుగా మడిచి పెట్టుకున్న పేజీ తెరిచి, ఆవిడ ఆపినచోటు నుంచి చదవడం మొదలుపెట్టాను.