కాదన్నోళ్ళుంటే లెగండి

పోయిన వారం మా మనవరాలు కొత్త ఫోను ఒకటి నా చేతిలో పెట్టి, ఇక కరెంటు బిల్లుకి ఆటో ఎక్కి వెళ్ళక్కర్లేదు, అంతా ఇందులోనే అయిపోతుందని ఊరించింది. తీరా తెరిస్తే బిల్లు కనబడలేదు గాని, చీమ తలకాయంత అక్షరాలతో ఎంత జరిపినా తరగని షరతులూ, వాటి అడుగున 'అంగీకరిస్తున్నాను' అని ఒకే ఒక్క నీలం గడీ కనబడ్డాయి. విజయనగరం కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, చదవకుండా ఒప్పుకునే అలవాటు లేక కళ్ళజోడు సవరించుకుని మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను. మనవరాలు పకపకా నవ్వి, "ఇవన్నీ ఎవులు సదువుతారమ్మమ్మా, నొక్కీ, అందరూ నొక్కేత్తారు" అంది. ఆ 'అందరూ' అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. శ్రీకాకుళంలో కూతురింటి కుర్చీలో కూర్చున్నదాన్ని కాస్తా, గరివిడి అవతల మా అమ్మమ్మ ఊళ్ళో రామమందిరం దగ్గరకి వెళ్ళిపోయాను.

నాన్నగారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆ ఇంట్లో అమ్మమ్మ, పెళ్ళి కుదిరిన పిన్ని, విజయనగరంలో బి.ఏ. చదివొచ్చి మళ్ళీ నాగలి పట్టిన మావయ్య, గౌరి అనే ఆవు ఉండేవారు. మావయ్య చదువు ఉద్యోగానికి పనికిరాలేదు గాని కబుర్లకి భేషుగ్గా పనికొచ్చింది. పొద్దు వాలేవేళ గౌరి పాలు పితుకుతూ, రాజ్యం అనేది దేవుడు పైనుంచి పడేసింది కాదనీ, మనుషులు తమలో తాము చేసుకున్న ఒడంబడిక అనీ నాకు చెప్పేవాడు. అంతకు ముందు లోకమంతా కర్ర ఉన్నవాడిదే బర్రె అన్నట్టు ఉండేదట, అందుకని సర్వహక్కులూ ఒక రాజు చేతిలో పెట్టి ప్రాణాలు దక్కించుకోవడమే మేలని ఇంగ్లండు పెద్దాయన ఒకడు అన్నాడట. కాదు కాదు, బతుకూ స్వేచ్ఛా ఆస్తీ పుట్టుకతో వచ్చినవి, వాటిని కాపాడలేని పాలకుణ్ణి దింపేయవచ్చని ఆ దేశంలోనే ఇంకొకాయన అడ్డం తిరిగాడట. ఆ ఒడంబడిక మీద ఎవరు వేలిముద్ర వేశారని నేనడిగితే, ఎవరూ వెయ్యలేదు, నోరు మూసుకుని ఊళ్ళో ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క అని నవ్వేవాడు.

మా ఊళ్ళోనూ లెక్క అదే. మన తరం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఊరు కూర్చోవడం అంటే ఏమిటో మీకూ తెలుసు. రామమందిరం ముందు మగవాళ్ళంతా చతికిలబడితే ఊరిపెద్ద సంగతి చెప్పి, "కాదన్నోళ్ళుంటే లెగండి" అనేవాడు. ఎవరూ లేచేవారు కాదు. కూర్చున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టే, సభ అయిపోయినట్టే. ఆడవాళ్ళం గోడవారన నిలబడే ఉండేవాళ్ళం గాని, మా నిలబడడం ఏ రోజూ ఎవరి లెక్కలోకీ రాలేదు.

మా పొరుగింటి అత్త భర్త పోయిన మనిషి. ఆవిడ పొలం గట్టుని ఊరిపెద్ద బంధువు ఏటా కాస్త కాస్త చెక్కి కలుపుకుంటుంటే, చెప్పి చెప్పి విసిగిపోయి ఒకనాడు పోలీసు స్టేషనుకి వెళ్ళింది. ఊరి తగువు ఊరు దాటకూడదన్నది మా వాళ్ళ కట్టుబాటు. గట్టు చెక్కినవాడి మాట ఎవరూ ఎత్తలేదు, గట్టు దాటినావిడని వెలి వెయ్యడానికి మాత్రం ఊరంతా కూర్చుంది. పెద్ద అలవాటు ప్రకారం కాదన్నోళ్ళని లెగమన్నాడు. మావయ్య లేచాడు.

ఆ లేవడం ఎంత మామూలుగా జరిగిందంటే, కాలు తిమ్మిరెక్కి లేచాడేమో అని పక్కవాళ్ళు జరిగి దారిచ్చారు కూడా. "నాను ఒప్పుకోనేదు బాబూ" అని ఒక్క మాట అన్నాడంతే. అమ్మమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుపోయింది. మావయ్య ఇక కూర్చోడని తేలాక, అత్తతో పాటు వీణ్ణీ వెలి వేశామనీ, వీళ్ళతో మాట్లాడిన వాళ్ళకీ అదే గతనీ పెద్ద చెప్పాడు. ఈసారి లెగమన్నప్పుడు ఎవరూ లేవలేదు.

అమ్మమ్మకి ఉన్నది ఒక కొడుకూ, గుమ్మంలో ఒక పెళ్ళీ. కొడుకుతో మాట్లాడితే కూతురి పెళ్ళికి మంగలీ రాడు, చాకలీ రాడు, చివరికి పెళ్ళికొడుకూ రాడు. ఏం చేస్తుంది? మర్నాటి పొద్దున్న పెరట్లోకి వెళ్ళి ఆవు ముందు నిలబడి, "గౌరీ, అంబలి సల్లారిపోతన్నాది, తాగీమని సెప్పే" అంది. ఆవుతో మాట్లాడకూడదని ఏ సభా తీర్మానించలేదు మరి. మావయ్య ముంత అందుకుని తాగాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ ఆ ఆవు మీదుగానే నడిచాయి. విత్తనాల సంగతీ, పిన్ని పెళ్ళిచీర సంగతీ దానికే చెప్పుకునేవాళ్ళం. నేనూ ఊరుకోలేక, ఆ ఇంగ్లండు వాళ్ళిద్దరూ కాక ఫ్రెంచి దేశపాయన కూడా ఒకడున్నాడన్నాడుగా, ఆయన ఏమన్నాడో అడగవే గౌరీ అనేదాన్ని. మావయ్య దాని గంగడోలు నిమురుతూ, అందరి మనసూ ఒకటైతే అదే సర్వాధికారమనీ, అందులో కలవనివాణ్ణి బలవంతంగానైనా కలుపుకోవాల్సిందేననీ ఆయన అన్నాడని దానికే చెప్పేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత్తర్వాత ఆ నవ్వు పోయింది, ఆవు మాత్రం మిగిలింది.

కోతలకి ఎవరూ సాయం రాక మావయ్య ఒక్కడే చేను కోస్తున్న రోజుల్లో, పొరుగింటి అత్త ఊరి ముందు సాష్టాంగపడి తప్పు ఒప్పుకుంది. ఆవిడ ఒక్కదాని మీద వెలి ఎత్తేశారు. పిన్ని పెళ్ళిపనులకి పసుపు కొట్టడానికి మా ఇంటికి వచ్చింది కూడా. పెరట్లో మావయ్య ఎదురుపడితే కాళ్ళకి మేకులు కొట్టినట్టు నిలబడిపోయి, చివరికి గౌరి దగ్గరకి నడిచి దాని మెడ మీద చెయ్యేసి, "నాకు పిల్లలున్నారే గౌరీ" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు ఈనాటికీ నోరు రాదు. మావయ్య ముఖం మాత్రం ఆ క్షణం ఎలా ఉందో, అలాగే నా కళ్ళలో ఉండిపోయింది. పెళ్ళిపందిట్లో అన్నగా నిలబడాల్సినవాడు ఆ రోజంతా పశువులసాలలోనే కూర్చున్నాడు.

తర్వాత కొన్నేళ్ళకి ఊరిపెద్ద పోయాడు. ఆయన కొడుకు పెద్దరికానికి వచ్చి, పాత సంగతులు ఎందుకులే అని మావయ్య మీద వెలి ఎత్తేశానని టముకు వేయించాడు. ఆ టముకు చప్పుడు ఇంకా మా వీధి దాటకముందే అమ్మమ్మ పెరట్లోకి పరుగెత్తి, ఆవు వైపు కాకుండా నేరుగా కొడుకు ముఖంలోకి చూసి, "నాయినా, రా, అన్నం తిందుగాని" అని పిలిచింది. ఆ మాట ఆవిడ ఎన్నాళ్ళుగా గొంతులో దాచుకుని ఉందో. మావయ్య తల్లిని చూశాడు. తర్వాత గౌరి వైపు తిరిగి, "గౌరీ, మాయమ్మతో సెప్పు, నాకు ఆకలి నేదని" అన్నాడు.

కోపంతో అన్నాడనుకున్నాం, నాలుగు రోజుల్లో సర్దుకుంటాడనుకున్నాం. కాదు, మనిషి ముఖం చూసి మాట్లాడడం ఎక్కడో పోగొట్టుకున్నాడు. గౌరి పోతే దాని పెయ్య, ఆ పెయ్య తర్వాత దాని పెయ్య, అన్నిటికీ గౌరి అనే పేరు. అమ్మమ్మ ఆఖరి ఘడియల్లో కూడా మావయ్య తను చెప్పాలనుకున్నదేదో పెరట్లో ఆవుకే చెప్పుకున్నాడు, ఆవిడ కిటికీలోంచి వింది.

కాలేజీలో ఏటా ఆ పాఠం వచ్చేది. ఒడంబడిక ఒప్పుకోనివాడు ఎక్కడికి వెళ్తాడు మేడమ్ అని ఏదో ఒక బెంచీలోంచి ఎవరో ఒకరు అడగకపోరు. పరీక్షకి కావలసిన జవాబు చెప్పేదాన్ని, చెబుతూంటే మా పెరటి పేడవాసన తగిలేది. ఇప్పటికీ ఎవరైనా ఆవుతో ముద్దుగా మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు ఆ ఊళ్ళో రామమందిరానికి గ్రిల్ గేటు పెట్టారు, ఊరు కూర్చోవడమూ లేదు. మంచిదే. ఆ రోజులు మళ్ళీ రావాలని నేనెందుకు కోరుకుంటాను? కానీ ఆ దుర్మార్గపు సభలో కూడా, మాటవరసకైనా సరే, కాదన్నవాళ్ళుంటే లెగమని ఒకసారి అడిగేవారు. అలా లేచినవాణ్ణి ఒకణ్ణి నేను చూశాను. ఈ ఫోనులో ఆ మాట కోసం పైనుంచి కిందికి ఎంత వెతికినా నాకు కనబడలేదు.

మనవరాలికి కాలేజీ టైమైంది. నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ నీలం గడి మీద తనే నొక్కేసి, "అయిపోనాది అమ్మమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను కూర్చునే ఉన్నాను.