సాగదీసిన అరుపు

ఉమామహేశ్వరికి కబడ్డీ అంటే ప్రాణం. మామిడికుదురు కాలేజీ జట్టులో ఆమె పట్టు పట్టిందంటే అవతలి పిల్ల మళ్ళీ గీత ముట్టుకోవడం కల్ల. ఎత్తు చాలదని జిల్లా జట్టులోంచి తీసేసినప్పుడు చాలా రోజులు అన్నం సయించలేదు. తర్వాత వీడియో ఎడిటింగ్ నేర్చుకుంది. ఊరూరా జరిగే పోటీల్ని ఫోన్లలో లైవ్‌గా చూపించే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చింది. ఆడలేకపోయినా ఆట పక్కనే ఉంటాను కదా అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. కోర్టు వెనక టార్పాలిన్ నీడలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చోవాలి. తెలివైన ఎత్తుగడ ఏదైనా కత్తిరించి పంపితే, హైదరాబాద్‌లో ఆమె పైన ఉండే సురేష్ పెదవి విరిచేవాడు. అతనికి లాగు జారినవాడు కావాలి, రిఫరీని కొట్టినవాడు కావాలి, మొహం పగిలినవాడు కావాలి. జనం చూసేది అదేనట. ఉమ మొదట్లో వాదించింది. పోనుపోను వాదించే ఓపిక కూడా పోయింది.

కిందటి ఫిబ్రవరిలో రాజోలులో మహిళల పోటీలు జరిగాయి. ఫైనల్లో రెబెకా ఆడుతోంది. కాలేజీలో ఉమా, రెబెకా ఒకే జట్టు. ఒకే బస్సులో తిరిగి, ఒకే కంచంలో తిన్న స్నేహం. ఇద్దరిలో పైకొచ్చింది రెబెకాయే. రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపు కూడా వచ్చింది.

రెండో సగంలో రెబెకా కూతకు వెళ్ళింది. మూలనున్న పిల్ల చీలమండ పట్టేసింది, ఇంకో పిల్ల మీద పడింది. కాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగిపోయింది. రెబెకా అరిచిన అరుపుకి మైకులో గొంతు చించుకుంటున్న కామెంటేటర్ నోరు మూసుకున్నాడు. ఉమ లేచి పరిగెత్తబోయింది. ఫోన్ మోగింది.

“మోకాలు తిరిగిన చోట స్లో చెయ్యి. అరుపు తియ్యకు,” అన్నాడు సురేష్.

“ఆ అమ్మాయి నా ఫ్రెండండి.”

“అయ్యో. నీకు చేతులు రాకపోతే ఇక్కడ కుర్రాళ్ళు చేస్తారులే. వాళ్ళయితే ఏదో ఒక పాట కూడా తగిలిస్తారు, మరి నీ ఇష్టం.”

ఆ మాటకి ఉమ మళ్ళీ కూర్చుండిపోయింది. ఎవరో వెకిలిగా చేసేకంటే తన చేత్తో కాస్త మర్యాదగా చేస్తే నయమనుకుంది. మోకాలు తిరిగిన చోట స్లో చేసింది, దాంతో అరుపూ సాగింది. రెబెకా మొహం కనపడకముందే ఆపేసింది. అవతల నలుగురూ పట్టుకుని రెబెకాను ఆటోలో ఎక్కిస్తుంటే, ఇవతల ఆమె ఆ క్లిప్పు పంపింది.

తెల్లారేసరికి అది అందరి ఫోన్లలోనూ ఉంది. మొహం ఉన్న ముక్కను హైదరాబాద్‌లో అతికించారు. పాటా తగిలించారు.

ఉమ అమలాపురం ఆస్పత్రికి వెళ్ళింది. రెబెకా తల్లి పక్కకు జరిగి చోటిచ్చింది.

“రామ్మా. డాక్టర్ గారు ఇంక ఆట మాటెత్తొద్దన్నారు. ఆ వీడియో ఎవరో పెట్టేరంట కదా. మేం చెప్పకముందే కువైట్‌లో దాని నాన్నగారు చూసేసేరు. రూములో వాళ్ళు ఫోన్ చూసి నవ్వుతుంటే, ఏంటా అని ఈయనా తొంగి చూసేరంట. చూస్తే కూతురు. నువ్వు పనిచేసేది అలాంటి కంపెనీయే కదమ్మా, ఎవరితోనైనా చెప్పి తీయించు.”

“ఆయ్, చెప్తానండి,” అంది ఉమ.

తల్లి మందులకని కిందికి వెళ్ళాక రెబెకా పైకప్పు వంక చూస్తూ అడిగింది. “నువ్వే చేసేవా?”

“నేనే.”

రెబెకా తిట్టలేదు. తిడితే బాగుండునని ఉమ ఎదురుచూసింది. “నాన్న అన్నం తినట్లేదంట. అంత నొప్పి లేదని నేను చెప్తే నమ్మట్లేదు. నువ్వు మాట్లాడు,” అని ఫోన్ కలిపి చేతికిచ్చింది.

“బాబాయ్ గారూ, నేను ఉమనండి.”

“అమ్మా. నువ్వప్పుడు అక్కడే ఉన్నావంట కదా. ఒక్కటి చెప్పమ్మా. నా బిడ్డ నిజంగా అంతసేపు అరిచిందా?”

“లేదండి. ఒక్క క్షణమేనండి. వీడియోలో నేనే సాగదీసేనండి.”

అవతల ఎక్కడో లారీ హారన్ వినిపించింది.

“ఎందుకమ్మా?” అన్నాడాయన.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగాడు. ఉమ ఫోన్ తిరిగి ఇచ్చేస్తే, రెబెకా అది తీసుకుని మొహం గోడవైపు తిప్పుకుంది. “ఇంక వెళ్ళు,” అంది. ఆ తర్వాత ఉమ ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

వీడియో తీసేయమని సురేష్‌ని బతిమాలింది. “మన పేజీలో తీసినా వెయ్యి చోట్ల ఉంటుంది,” అన్నాడతను. “అదలా ఉంచు. వచ్చే వారం దిండిలో పోటీలున్నాయి, నువ్వే వెళ్ళు. ఆ క్లిప్పు చూసి పైవాళ్ళు నీ పని మెచ్చుకున్నారు.”

మానేద్దామనుకుంది. రాజీనామా రాయడానికి కూర్చుంది కూడా. తను లేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు, రెబెకా మోకాలు మాత్రం తిరిగి రాదు అనిపించింది. దేనికీ చెయ్యి రాలేదు. చివరికి దిండి బస్సెక్కింది.

అక్కడ ఒక బక్కపల్చటి అమ్మాయి చక్కగా కూత తీసి, ఇద్దర్ని తాకి, పట్టు విదిలించుకుని వెనక్కి వచ్చింది. జనం ఈలలు వేశారు. ఆ పిల్ల ఎవరిని తాకిందో ఉమకు తెలియలేదు. ఆమె చూసింది మోకాళ్ళనే.

ఫోన్ మోగింది. “ఏమైనా దొరికిందా?” అన్నాడు సురేష్.

“ఇంకా లేదండి,” అంది.

అన్నాక గాని, ‘ఇంకా’ అన్నానని ఆమెకు తెలియలేదు. కోర్టులోకి ఇంకో అమ్మాయి కూతకు వెళుతోంది.