మూటల కాడ మనిషి

ఎక్కడికి పోయినా మూటల దగ్గర ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు ఎవరని మా ఇంట్లో ఎన్నడూ మాట రాలేదు. అందరి చూపులూ మా మేనత్త మీదికే పోయేవి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది సుల్తానాబాద్ దగ్గర నేతపని ఇల్లు. బాపు, అన్న చెరో మగ్గం మీద కూర్చుంటే, అత్త తెల్లారినప్పటి నుంచి రాట్నం ముందు కూర్చుని ఇద్దరికీ నూలు కండెలు చుట్టేది. ఆమె బాపుకు చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. ఆమె చెయ్యి ఆగితే రెండు మగ్గాలూ ఆగేవి. అయినా బాపు మాత్రం "మా చెల్లెను సాదుతున్న, బువ్వ పెడుతున్న" అని ఊరంతా చెప్పుకునేవాడు. ఎవరు ఎవరిని సాదారో ఆ రాట్నాన్ని అడగాలి.

యాభై ఆరులో రాష్ట్రం పేరు మారిన కొత్తల్లో మా వైపు నుంచి గోదావరి దాకా బస్సు పడింది. అమావాస్య నాడు మేము మగ్గం ముట్టం. అలాంటి ఒక అమావాస్యకు గోదావరి మీది ఆ ఊరు చూసొద్దామని బాపు అన్నాడు. గుట్ట కొమ్మున కట్టిన ఊరు అది. ఇండ్ల వెనక తలుపు తీస్తే కింద నిలువునా బండ, బండ కింద నీళ్లు. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. మధ్యలో పడవ తిరుగుతుంది.

అది విన్నప్పుడు అత్త కండె చుట్టడం ఆపి అడిగింది.

"అన్నా, నేను పడవెక్కుత. అవుతలి ఒడ్డుకు పోయి మల్ల వస్త. గంతే, ఇంకేం అడగ."

"గదెంత పని? ఎక్కుదువు తియ్యి" అన్నాడు బాపు.

ఆమె ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను అదే మొదటిసారి వినడం. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు.

పొద్దున్నే బస్సు దిగాం. బాపు, మమ్మల్ని కన్న అవ్వ, అన్న, నేను, అత్త. గుట్ట మీద సత్రం అరుగు నీడగా ఉందని మూటలు అక్కడ దించాం. సద్ది మూట, స్నానం తర్వాత కట్టుకునే బట్టల మూట, మరచెంబు, చివరికి అందరి చెప్పులు కూడా. చుట్టూ గోడల మీద కోతులు కూర్చుని మా పులిహోర వైపే చూస్తున్నాయి.

"మూటల కాడ ఎవలన్న ఉండాలె గద" అన్నాడు బాపు.

"మీ చెల్లె ఉంటది తియ్యిండ్రి. మనం దంపతులం కొంగు ముడేసుకొని మునగాలె, ఆమెకేం తొందర?" అంది అవ్వ.

మొగుడు లేని మనిషికి తొందర ఉండదట! అత్త చెప్పులన్నీ ఒక పక్కకు సర్దుకుని కూర్చుంది. నేనే దగ్గరికి పోయి చెప్పాను.

"అత్తా, మునిగి గడియల వస్త. వచ్చి నేను కూసుంట, నువ్వు పడవెక్కు."

"జల్ది రా బిడ్డా. పొద్దు నెత్తిమీదికస్తే పడవాయన బువ్వకు పోతడట. మల్ల వచ్చేటాళ్లకు మన బస్సుంటదా?"

దేవుడి మీద ఒట్టు, రావాలనే అనుకున్నాను. మెట్లన్నీ దిగి మునిగాం. బట్టలు ఒంటి మీదే ఆరుతుంటే అన్న పడవ చూపించి "ఖాలీగ ఉన్నది, ఎక్కుదమా?" అన్నాడు. బాపు అవ్వ చెయ్యి పట్టి ఎక్కించాడు. నేను పడవ అంచు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగాను. పైన సత్రం కనబడుతోంది. "ఏం నిలబడ్డవే, ఎక్కు" అన్నాడు అన్న. ఎక్కాను. అంతే సంగతి, ఎవరూ నన్ను గుంజుకుపోలేదు.

అవతలి ఒడ్డు తాకి తిరిగొచ్చాం. అప్పుడైనా మెట్ల మీద పరుగెత్తాల్సింది. గాజుల దుకాణాల గల్లీ నుంచి పోదామని అవ్వ అంది, నేనూ వెంట నడిచాను. పచ్చ గాజులా ఎర్ర గాజులా అని తేల్చుకునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

సత్రానికి వచ్చి చూస్తే అత్త లేదు. సద్ది మూట విప్పేసి ఉంది. అరుగంతా పులిహోర, దాని చుట్టూ కోతులు. అన్న కట్టె తీసుకుని వెంటపడ్డాడు. బాపు బండ కొసకు పోయి కిందికి చూసి గట్టిగా కేకేశాడు.

"ఓ పిల్లా! సద్దంత కోతుల పాలాయె! రా మల్ల!"

పడవ నది నడుమ ఉంది. మేకలు, బుట్టలు, నలుగురు మనుషులు, వాళ్ల మధ్య మా అత్త. మేము గల్లీ నుంచి వస్తుంటే ఆమె మెట్ల మీదుగా దిగిపోయిందన్న మాట. పడవ అంచుకు ఒరిగి ఒక చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చుంది. బాపు గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

తిరిగి పైకి వచ్చాక బాపు అందరి ముందూ తిట్టాడు.

"బుద్ధున్నదా నీకు? మూటలిడిసిపెట్టి ఎవలన్న పోతరా? చిన్న పోరివా?"

అత్త నా వైపు చూసింది. ఒక్కసారే. నేను చేతికి కొత్తగా వేసుకున్న గాజులు సర్దుకున్నాను.

"తప్పయింది అన్నా" అంది ఆమె.

నేను వస్తానని చెప్పి రాలేదన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు, నా నోటి నుంచీ రాలేదు. పేలాలు బుక్కి ఆ పూట గడిపాం. మర్నాడు తెల్లారేసరికి ఆమె రాట్నం ముందు ఉంది.

ఆ తర్వాత ఏ పెండ్లిలో నలుగురు కూడినా ఆ ముచ్చటే. "మా మేనత్త కోతులకు సంతర్పణ చేసింది" అని అన్న మొదలుపెట్టేవాడు. చెప్పినప్పుడల్లా కోతులు పెరిగేవి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. అత్త వడ్డిస్తూనే ఉండేది. నేను పళ్లు కొరుక్కునేదాన్ని, నోరు మాత్రం విప్పేదాన్ని కాదు. వాళ్ల మీద కోపమని అనుకునేదాన్ని. సిగ్గు లేని దాన్ని నేను.

ఏడెనిమిదేండ్లకు అత్త పోయింది. దినాల నాడు విస్తళ్ల ముందు కూర్చున్నాక అన్న మళ్లీ కోతుల కథ ఎత్తుకున్నాడు. ఈసారి ఆగలేకపోయాను.

"నేను కూసుంటనని మాటిచ్చిన. మాట తప్పి నేను పడవెక్కిన, గాజులేసుకున్న. అత్త నా కోసం చూసి చూసి పోయింది. తప్పు నాది!"

అన్న చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టాడు.

"అయితే మాత్రం, మూటలిడిసిపెట్టి పోతదా?" అన్నాడు. బాపు తల ఊపాడు. అవ్వ కూడా ఊపింది.

విస్తరి ముందు నుంచి లేచి పెరట్లోకి పోయి చేయి కడుక్కున్నాను. ఆమె ఎన్నేండ్లు మా ఇంట్లో తిరిగింది! నది నడుమ ఎట్లుండె అత్తా అని మాలో ఒక్కరమైనా అడిగామా? ఆ మాట నాకు అప్పుడు తట్టింది, ఆమె పోయిన పదో రోజున.