లోపల్నుంచి తెరుచుకునే తలుపు

క్వార్టర్స్‌లో అందరూ అతన్ని తలుపాయన అంటారు. వ్యాన్ల ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు పక్కకి జరిగే తలుపులు బిగించడం తప్ప ఇంకో పని చేయలేదు. నాలుగు నిమిషాలకొక తలుపు. పక్కనే పొద్దస్తమానం రేకుల మీద విరుచుకుపడే ప్రెస్సులు. నలభయ్యొకటో ఏట కుడిచెవి పోయింది, ఇంకో రెండేళ్లకి ఎడమది. కంపెనీ డాక్టరు పరీక్ష చేసి కాగితం మీద ‘వయసు వల్ల’ అని రాసిచ్చాడు. ఆ డాక్టరు అతనికంటే పదేళ్లు పెద్ద. ఆయనకి చీమ చిటుక్కుమన్నా వినబడేది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీయే లేదు. స్థలం అమ్ముడుపోయింది. ముప్పయ్యో తారీకులోగా క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలని గోడగోడకీ నోటీసులు అంటించారు. ఖాళీ అయిన ఇళ్ల కిటికీలు కంపెనీ మనుషులే పీకించుకుపోతున్నారు, మళ్లీ ఎవరూ వచ్చి కాపురం పెట్టకుండా. తలుపాయన ఉన్న వరసలో పది ఇళ్లుంటే, సామాను సర్దకుండా మిగిలింది అతనిదొక్కటే. బయట ఇల్లు చూద్దామంటే ఎక్కడికెళ్లినా ఒకటే మాట: పనిచేస్తున్నట్టు కాగితం చూపించండి. పని పోయినవాడికి ఆ కాగితం ఎవరిస్తారని అడిగే నాథుడు లేడు.

అందుకే వ్యాను మీద పడ్డాడు.

అది ఆ ఫ్యాక్టరీలోనే నలభయ్యేళ్ల కిందట తయారైన పాత మోడలు. ఎవరో షికార్లకి వెళ్లే ఆసామి దాన్ని చిన్న ఇల్లులా మార్పించుకున్నాడు. వెనక మంచం, దాని కింద పెట్టెలు, పక్కన గిన్నెలు కడుక్కునే తొట్టి, డ్రైవరు సీటుకీ వెనక గదికీ మధ్య నేల నుంచి కప్పు దాకా చెక్క బీరువా. తర్వాత మరమ్మతుకని ఫ్యాక్టరీకి తెచ్చి వదిలేశాడు, మళ్లీ రాలేదు. షెడ్లు ఖాళీ చేసేటప్పుడు ఆఫీసరు, “నువ్వే తీసుకుపో, మాకు మోయించే బాధ తప్పుతుంది” అన్నాడు. పాత కార్మిక సంఘం మనుషులు నలుగురు కలిసి తోసుకుంటూ తెచ్చి ఇంటి ముందు పెట్టారు. ఇంజను మూడు రోజుల్లో గురగురమంది. తలుపు మాత్రం కదల్లేదు.

“ఊళ్లోవాళ్ల తలుపులన్నీ బిగించావు. చివరికి నీ తలుపే మొరాయించింది” అంది భార్య.

ఆమెని క్వార్టర్స్‌లో మిషనక్క అంటారు. పెళ్లికి ముందు బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పనిచేసింది. అతనితో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, మాట మాటా విడదీసి చెబుతుంది. అతను పెదాలు చూసి పట్టుకుంటాడు. తిట్టాలనిపించినప్పుడు మాత్రం గోడవైపు తిరుగుతుంది.

“అదేంటి, అసలైనవి చెప్పేటప్పుడు మొహం తిప్పేస్తావు?” అంటే, “అవి నీకు కాదులే, గోడకి” అనేది.

వ్యానులో కాపురం అనగానే ఆమె నవ్వలేదు, ఏడవలేదు. చుట్టూ తిరిగి చూసింది. వెనక డిక్కీ తలుపుకి అడ్డంగా మంచం చట్రం బోల్టులేసి ఉంది. ముందుకి పోదామంటే బీరువా గోడ. లోపలికి, బయటికి దారి ఆ పక్క తలుపొక్కటే.

“ఒకే ఒక్క మాట” అంది అతని ఎదురుగా వచ్చి నిలబడి. “లోపల్నుంచి నా చేత్తో నేను తీసుకోగలగాలి. నువ్వు బయట ఉండి తియ్యడం కాదు, నేను తీసుకోవాలి. అది కళ్లారా చూశాకే గిన్నె సర్దుతా. లేదంటే మా చెల్లెలింటికి పోతా, నీ దారి నీది.”

ఆ షరతు ఎందుకో అతనికి తెలుసు. ఆమె పనిచేసిన బట్టల కంపెనీలో షిఫ్టు మొదలవగానే హాలు తలుపులకి బయటినుంచి తాళం వేసేవారు. ఆడపిల్లలు గుడ్డముక్క దాచుకుపోతారని, మాటిమాటికి నీళ్లకి లేస్తారని. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ విభాగంలో పొగ లేచింది. తాళంచెవులు సూపర్‌వైజరు జేబులో ఉన్నాయి, సూపర్‌వైజరు భోజనానికి పోయాడు. ఆయన వచ్చేసరికి ఇద్దరు పిల్లలు ఆ తలుపు దగ్గరే ఊపిరాడక చచ్చిపడి ఉన్నారు. వాళ్లలో ఒకతె మిషనక్క పక్క మిషనులో కుట్టే పిల్ల. విచారణ జరిగింది. నివేదికలో ‘తలుపులు తెరిచే ఉన్నవి’ అని రాశారు. అప్పట్నుంచి మిషనక్క స్నానాల గదికి కూడా గడియ పెట్టుకోదు. మన ఊళ్లల్లో ఇలాంటి నివేదికలు ఎన్ని బీరువాల్లో మగ్గుతున్నాయో లెక్క తీస్తే, వాటికే ఒక ఫ్యాక్టరీ స్థలం కావాలి.

తలుపాయన పనిలోకి దిగాడు. తలుపు మూడు చోట్ల వేలాడుతుంది: పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, వెనక నడిమెత్తులో పట్టా మీద జారే ఇనుప చెయ్యి. ఆ చెయ్యి వంగిపోయింది. కింది చక్రం తుప్పులో కూరుకుపోయింది. తలుపు అడుగు భాగాన్ని వేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది. విప్పి, రెండు పీటల మీద పడుకోబెట్టి, కుళ్లిన అడుగు కోసేసి, కొత్త రేకు వెల్డింగు చేయించాడు. పుట్టీ పెట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దుడు. వంగిన చెయ్యిని కాల్చి సరిచేశాడు. వ్యానుకీ తలుపుకీ కలిపి రంగు కొట్టడానికి అద్దాలన్నిటికీ పాత పేపర్లు కప్పి, అంచుల్లో టేపు అంటించాడు. బయటి పిడినీ, లోపలి పిడినీ, లోపలి పిడిని లాకుతో కలిపే కడ్డీనీ తుప్పు వదలాలని కిరసనాయిలు డబ్బాలో నానేశాడు.

ఇక బిగించాలి. తలుపు బిగించడం ఒక్కడి పని కాదు. బయట ఒకడు, లోపల ఒకడు ఉండాలి. ఇరవై మూడేళ్లూ లోపల ఉన్నది ఒక్కడే మనిషి. వరసకి ఏమీ కాకపోయినా ఇద్దరూ బావా బావా అని పిలుచుకునేవారు. లోపల గొంతుక్కూర్చుని కూర్చుని ఆ బావకి మోకాళ్లు పోయాయి. మూడు వరసల అవతల ఉంటాడు, గుమ్మం దాటాలంటే కర్ర కావాలి.

“నా మోకాళ్లు, నీ చెవులు కలిపి అమ్మేసింది బావా కంపెనీ, స్థలంతో పాటు” అన్నాడు, పొద్దున్న పిలవడానికి వెళ్తే. “నేను లోపలికి ఎక్కలేను. చెల్లెమ్మని కూర్చోబెట్టు. సందు చూసి చెబితే చాలు, అదేం బ్రహ్మవిద్య కాదు.”

మిషనక్క ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

“మూస్తావా?”

“మూయను. దగ్గరకి జరుపుతానంతే. పైనా కిందా సందు సమానంగా ఉందో లేదో నువ్వు చూసి చెయ్యి ఊపు. లోపలి కడ్డీ ఇంకా వెయ్యలేదు, మూస్తే నీకు తెరుచుకోదని నాకు తెలీదా?”

ఆమె ఎక్కింది. అద్దాల మీద పేపర్ల వల్ల లోపల మసకగా ఉంది, రంగు వాసన. తలుపు సందులోంచి ఆమె చెయ్యి బయటపెట్టి ఊపడం, అతను బోల్టు అరచుట్టు తిప్పడం. పైకి, ఇంకొంచెం పైకి, చాలు. పది పదిహేనుసార్లు జరిగాక తలుపు పట్టా మీద నీళ్ల మీద పడవలా జారింది. నెలన్నర నుంచి చేతుల్లో ఉన్న బరువు ఒక్కసారి దిగిపోయింది. ఆమె చెయ్యి లోపలికి తీసుకుంది.

అప్పుడు జరిగింది. ఫ్యాక్టరీలో సందు కుదిరాక ఆఖరి పని ఒకటుంటుంది. తలుపుని తుంటితో ఒక్క తోపు తోసి మూసేసి, రేకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, వెనక్కి చూడకుండా తర్వాతి వ్యాను దగ్గరికి పోవాలి. లోపలి కడ్డీ వేసేది తర్వాతి జట్టువాళ్లు. లోపలి మనిషి డ్రైవరు సీటు మీదుగా అటు దిగిపోతాడు. అతను దిగాడా లేదా అని చూడటం బయటివాడి పని కాదు. చూస్తే నాలుగు నిమిషాలు చాలవు. ఇరవై మూడేళ్లు తుంటి చేసిన పని తుంటి చేసింది. కొత్తగా నూనె పెట్టిన లాకు కరుచుకుంది. ఆ అదురు అరచేతికి తెలిసింది. మూసిన తలుపు అంచు వెంట అగ్గిపుల్ల మందం సందు, పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు.

రెండుసార్లు తట్టాడు. తిరిగాడు. బావకి చెప్పాలని నడిచాడు. అతని వెనక ఏం వినబడిందో అతనికి వినబడలేదు. వినడానికి ఆ వరసలో ఇంకో మనిషీ లేడు.

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తలుపాయన చేతులు ఊపుతూ అంతా చెప్పాడు. బావ టీ పెట్టించాడు. పాత లైను కబుర్లు, ఎవరెవరు ఎక్కడెక్కడికి పోయారో, ఏ ఫోర్‌మన్ని ఎలా ఏడిపించారో. గ్లాసు ఖాళీ చేసి తలుపాయన, “పద, చూద్దువుగాని” అన్నాడు.

బావ కర్ర అందుకుంటూ ఆగాడు. ఎదురుగా తిరిగి అడిగాడు. “లాకు పడిందా?”

“టక్కున పడింది.”

“మరి చెల్లెమ్మ ఎటు దిగింది?”

“ముందు నుంచి...”

“ముందు బీరువా ఉందిగా బావా.”

ఆ నోటి కదలిక అర్థమయ్యేసరికి తలుపాయన అరుగు మీంచి దూకాడు. పరుగెత్తాడు. యాభయ్యారేళ్ల మనిషి, చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియకుండా పరుగెత్తాడు. వ్యాను రేకు మీద అరచెయ్యి ఆనించాడు. లోపల్నుంచి ఏ అదురూ లేదు. బయటి పిడి కిరసనాయిల్లో ఉంది. స్క్రూడ్రైవరు ఆ పిడి బెజ్జంలో దూర్చి తిప్పబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి లాకు వదిలింది.

ఆమె తలుపుకి ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది, మోకాళ్లు దగ్గరకి లాక్కుని. తలుపు లోపలి వైపు కొత్త రంగు మీద గోళ్ల గీతలు. వేళ్ల చివర్లు రక్తం. ఆమె తిట్టలేదు. అతని భుజం పట్టుకోకుండా దిగింది. మొహం అటు తిప్పుకుని ఏదో అంది.

అప్పటికి బావ కర్రతో ఈడ్చుకుంటూ వచ్చాడు. “ఏమంది బావా?” అని అడిగాడు తలుపాయన.

బావ పెదాలు కనబడేలా అతని ఎదురుకి వచ్చాడు. “పిలిచానంది” అన్నాడు. “చాలాసేపు పిలిచానంది.”

తలుపాయన తన ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. బావకి మాత్రం నోరు ఆగలేదు. “దీన్ని కూడా కంపెనీ ప్రమాదాల పుస్తకంలో రాయాలి బావా. ఆ హాలుకి తాళం వేసినవాడూ, నీ చెవులకి వయసని రాసినవాడూ ఇవాళ ఎక్కడో చల్లగా కూర్చుని ఉంటారు. మీరిద్దరూ మాత్రం ఇక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నారు.” అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పూట దానివల్ల ఎవరికీ ఒరిగిందీ లేదు.

ఆ సాయంత్రమే అతను లోపలి కడ్డీ బిగించాడు, పిడులు పెట్టాడు. మర్నాడు పొద్దున్న తనే లోపలికెక్కి మూసుకుని, తీసుకుని, మూసుకుని, తీసుకుని చూపించాడు. చిటికెన వేలితో లాగినా తెరుచుకుంటోంది. మిషనక్క ఇంటి గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత అతని ఎదురుగా వచ్చింది, ప్రతి మాటా అతనికి అందేలా చెప్పింది.

“తలుపు బాగుంది. నేను రాను.”

“తలుపే విప్పేస్తాను. పరదా కడతాను.”

“చలికి చస్తావు. తప్పు తలుపుది కాదు. నీది కూడా కాదు అనాలనే ఉంది నాకు, నోరు రావటంలేదు. కొన్నాళ్లు అడక్కు.”

ఇరవై ఎనిమిదిన చెల్లెలు వచ్చి ఆమెని తీసుకుపోయింది. రెండు సంచులు, ఒక కుట్టుమిషను. చెల్లెలిది ఒకటే గది, అందులో ఇప్పటికే నలుగురు. ముప్పయ్యిన తలుపాయన ఇంటి తాళంచెవి ఆఫీసరు చేతిలో పెట్టి, వ్యాను నడుపుకుంటూ పోయి పాత లారీల అడ్డా వెనక ఖాళీ స్థలంలో ఆపాడు.

ఆదివారం ఆదివారం ఆమె వస్తుంది. టిఫిను డబ్బా తెస్తుంది. బయట మడతకుర్చీ వేస్తాడు, కూర్చుంటుంది. అతని చొక్కాలకి ఊడిన గుండీలు కుడుతుంది. లోపలికి ఎక్కమని అతను అడగడు. ఆమె వచ్చినంతసేపూ తలుపు మాత్రం చివరిదాకా తోసి ఉంచుతాడు.

మొన్నటి ఆదివారం వాన పట్టుకుంది. మొదట నాలుగు చినుకులు, తర్వాత కుంభవృష్టి. ఆ స్థలంలో తలదాచుకోవడానికి చెట్టు లేదు, చూరు లేదు, వ్యాను తప్ప. ఆమె లేచి తలుపు దాకా వెళ్లింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది. అతను పక్కకి జరిగాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. డబ్బా చంకన పెట్టుకుని కొంగు తల మీదికి లాక్కుని, బస్సు ఆగే చోటికి నడిచింది.

అతనూ వెంట నడిచాడు. బస్సొచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కన నిలబడి తడిశారు. ఆమె ఎక్కాక తిరిగొచ్చి చూస్తే, తెరిచి ఉంచిన తలుపులోంచి జల్లు కొట్టి పరుపు ఒక పక్కంతా నానిపోయింది. రెండో పక్కన కూర్చుని అతను తల తుడుచుకున్నాడు.